బవేరియా పల్లెలో ఫైర్ సర్వీస్‌లో చేరమని ఫారం ఇచ్చారు. ఏం చేయాలి?

సుధ_డి
మా ఆయనకి డింగోల్ఫింగ్ బీఎండబ్ల్యూ ప్లాంట్‌లో ఉద్యోగం. అద్దెలు తట్టుకోలేక దగ్గర్లోని పల్లెకి మారాం. వెయ్యి మంది కూడా ఉండని ఊరు. ఇన్నాళ్ళూ "గ్రూస్ గాట్" (ఇక్కడి నమస్కారం) తప్ప ఇంకో మాట మాట్లాడని ఎదురింటి పెద్దాయన, నిన్న తలుపు కొట్టి ఊరి ఫోయర్‌వేర్‌లో, అంటే ఫైర్ సర్వీస్‌లో, చేరమని ఫారం ఇచ్చి వెళ్ళాడు. మాకు జర్మన్ పౌరసత్వం లేదు, మా ఆయన జర్మన్ బీ1 అనే మధ్య స్థాయి దగ్గరే ఆగిపోయింది. ఒకటే టెన్షన్. నొప్పించకుండా వద్దని ఎలా చెప్పాలి?

కిరణ్_మ్యూనిక్
ఇన్సూరెన్స్ సంగతి తేలకుండా సంతకం పెట్టకండి. అయినా దీనికి జీతాలిచ్చి మనుషుల్ని పెట్టుకోవచ్చుగా?

పద్మ_రోట్టాల్
కిరణ్ గారూ, మ్యూనిక్ లాంటి నగరాలకి అది కుదురుతుంది. పల్లెల్లో 112కి ఫోన్ చేస్తే వచ్చేది ట్రాక్టర్ వదిలి పరిగెత్తుకొచ్చే రైతు, వడ్రంగి, బ్యాంకులో పనిచేసే అమ్మాయి. అందరూ వాలంటీర్లే. డ్యూటీలో గానీ ట్రైనింగ్‌లో గానీ దెబ్బ తగిలితే ప్రభుత్వ ప్రమాద బీమా ఉంది. పని వేళలో పిలుపొస్తే కంపెనీ వదిలిపెట్టాల్సిందే, జీతం కోయకూడదు. ఆ డబ్బు ప్రైవేటు కంపెనీకి ఊరే తిరిగి కడుతుంది.

సుధ గారూ, వద్దని మాత్రం చెప్పకండి. పౌరసత్వం అక్కర్లేదు. ట్రైనింగ్ లేకుండా ఎవర్నీ మంటల్లోకి పంపరు. ఎక్కువగా వచ్చే పని రోడ్డు మీద పడ్డ చెట్టు, ఒలికిన ఆయిల్, నీళ్ళు నిండిన సెల్లార్. 2016 జూన్ 1న సింబాఖ్‌ని వరద ముంచెత్తినప్పుడు ఇలాంటి పల్లెల దళాలే బురద ఎత్తిపోశాయి.

అంత ధైర్యం లేకపోతే ఏటా కొంత చందా కట్టి ఊరికే సభ్యులుగా ఉండొచ్చు. మా ఆయన అదే బాపతు, నిప్పుకి ఆమడ దూరం. ఏప్రిల్ చివర్లో మాత్రం రాత్రిళ్ళు మైబౌమ్‌కి కాపలా పడుకుంటాడు. మే 1న ఊరి మధ్య నిలబెట్టే ఆ మానుని అంతకుముందే పక్క ఊరి కుర్రాళ్ళు ఎత్తుకుపోతారు. విడిపించుకోవాలంటే బీరు, భోజనం పెట్టాలి. పోలీసుల దాకా వెళ్తే పరువు పోయినట్టే.

అసలు తమాషా దళం 150 ఏళ్ళ పండగప్పుడు చూడాలి. పక్క ఊరి దళాన్ని పెద్దరికం వహించమని అడగడానికి మావాళ్ళు వెళ్ళారు. ఆచారం ప్రకారం వాళ్ళు చీల్చిన కట్టెని పదునైన అంచు పైకి ఉండేలా పెట్టి, దాని మీద మోకరిల్లమన్నారు. మా కమాండర్, ఆయన పక్కన మేయర్ (చిన్న ఊళ్ళలో ఆ పదవి కూడా సాధారణంగా పార్ట్ టైమే), ఇద్దరూ నవ్వలేక, ఏడవలేక! అవతలివాళ్ళు మాత్రం తీరిగ్గా బీరు తాగుతూ ఇంకో షరతు, ఇంకో షరతు అంటూ సాగదీశారు. నా చేతిలో ష్పెట్సీ. అంటే కోలా, ఆరెంజ్ కలిపిన డ్రింకు. బీరు తాగమని నన్ను ఎవరూ బలవంతపెట్టలేదు.

వీళ్ళు కాఫీకి రమ్మని పిలుస్తారని ఎదురుచూస్తే ఏళ్ళు గడిచిపోతాయండీ. పండగ టెంటులో గ్లాసులు కడుగుతుంటే మాత్రం పక్కనున్నావిడ తన మోకాళ్ళ ఆపరేషన్ దగ్గర్నుంచి కోడలి దాకా అన్నీ చెప్పేస్తుంది. నా జర్మన్ సగం అక్కడే వచ్చింది.

రవి_ఇన్‌ఫియర్టెల్
సరిహద్దు దాటితే ఆస్ట్రియాలో మాదీ ఇదే కథ. మాకు అదనంగా ప్రతి శనివారం మధ్యాహ్నం 12కి సైరన్ టెస్ట్. కొత్తగా వచ్చినవాళ్ళు హడలిపోతారు. మాట్లాడని పెద్దాయన గడప తొక్కి ఫారం ఇచ్చాడంటే చిన్న విషయం కాదండీ.

సుధ_డి
పద్మ గారూ, థాంక్సండీ. ఈయన చందా సభ్యుడిగానే చేరతారట. పన్నెండేళ్ళు నిండితే పిల్లల్నీ తీసుకుంటారని ఫారంలో ఉంది, మావాడు ఎగిరి గంతేస్తున్నాడు. ప్రాక్టీస్ చూడటానికి వస్తామని పెద్దాయనకి చెప్పాను. ఆయన వాడి కాళ్ళ వంక చూసి, బూట్ల సైజు అడిగి, రాసుకుని వెళ్ళిపోయాడు.