పాత డెస్క్‌టాప్‌లో మీడియా సర్వర్: నాలుగు డిస్కులకు రెయిడ్ కావాలా, వద్దా?

తంగేడు:

పక్కన పెట్టేసిన డెస్క్‌టాప్‌ని మీడియా సర్వర్‌గా మార్చే పనిలో ఉన్నాను. ఆరో తరం ఐ5, 8 జీబీ ర్యామ్, బోర్డు మీద 6 సాటా పోర్టులు, గిగాబిట్ నెట్‌వర్క్. బూట్‌కి 120 జీబీ ఎస్‌ఎస్‌డీ. డేటా డిస్కులు నాలుగు: 8 టీబీవి రెండు, 4 టీబీది ఒకటి, 3 టీబీది ఒకటి. ఒక 8 టీబీలో 6 టీబీ సినిమాలున్నాయి. 4 టీబీలో 2.4 టీబీ ఉంది, అందులో 600 జీబీ ఇంటి ఫోటోలూ వీడియోలూ. మిగతా రెండూ ఖాళీ. ఉన్నవన్నీ ఎన్‌టీఎఫ్‌ఎస్ (విండోస్ ఫైల్‌సిస్టమ్).

ఓపెన్‌మీడియావాల్ట్ (స్టోరేజీ సర్వర్ కోసం చేసిన లినక్స్) వేసి, దాని మీద జెల్లీఫిన్ (సినిమాలని ఇంట్లోని టీవీలకి అందించే సాఫ్ట్‌వేర్) పెడదామని అనుకుంటున్నాను. తేలనిది ఒక్కటే, రెయిడ్ (ఒక డిస్కు చచ్చినా డేటా దక్కేలా డిస్కుల్ని జతకట్టే పద్ధతి) కావాలా, వద్దా అని. డిస్కుల్ని జెడ్‌ఎఫ్‌ఎస్‌లో (రెయిడ్ తనలోనే ఉన్న ఫైల్‌సిస్టమ్) కలపాలా, మర్జర్‌ఎఫ్‌ఎస్‌తో (విడి డిస్కుల్ని ఒకటిగా చూపేది) స్నాప్‌రెయిడ్ (విడి డిస్కులకి రక్షణ లెక్క కట్టి ఉంచేది) పెట్టాలా, లేక దేనికది విడిగా ఉంచి బ్యాకప్ తీసుకుంటే సరిపోతుందా? కారణం చెప్పి మరీ వాదించండి.

చుక్కాని:

జెడ్‌ఎఫ్‌ఎస్. రెయిడ్-జెడ్1 (ఒక డిస్కంత జాగాని ప్యారిటీకి, అంటే పోయిన డేటాని తిరిగి కట్టే లెక్కకి, ఇచ్చే రకం) మాత్రం వద్దు. అన్ని డిస్కుల్నీ చిన్నదాని కొలతకే లెక్కేస్తుంది కాబట్టి 3 టీబీ చొప్పున నాలుగు, అందులో ఒకటి ప్యారిటీకి పోగా మిగిలేది 9 టీబీ. రెండు 8లూ ఒక మిర్రర్ (రెండింట్లోనూ ఒకే డేటా), 4నీ 3నీ కలిపి ఇంకో మిర్రర్ చేస్తే 11 టీబీ వస్తుంది.

లాభమేమిటంటే, ప్రతి బ్లాకుకీ చెక్‌సమ్ (డేటా మారిందో లేదో పట్టిచ్చే అంకె) ఉంటుంది. డిస్కు తప్పుడు డేటా ఇస్తే చదివేటప్పుడే పట్టుకుని, మిర్రర్‌లోని మంచి ప్రతితో సరిచేసేస్తుంది. నెలకోసారి స్క్రబ్ (డేటా అంతా చదివి సరిచూడడం), రోజుకో స్నాప్‌షాట్ (ఆ క్షణపు స్థితిని భద్రపరచడం) పెట్టుకుంటే ఎవరైనా పొరపాటున ఫోల్డర్ చెరిపేసినా నిమిషంలో వెనక్కి తెచ్చుకోవచ్చు. టెరాబైట్‌కి ఒక జీబీ ర్యామ్ ఉండాలన్న మాట ఇలాంటి వాడకానికి వర్తించదు. డీడూప్లికేషన్ (ఒకేలా ఉన్న బ్లాకుల్ని ఒక్కసారే దాచడం) జోలికి వెళ్లకపోతే 8 జీబీ హాయిగా సరిపోతుంది.

మార్చడమూ కష్టం కాదు. ఖాళీ 8, ఖాళీ 3 కలిపి ముందు జతలు లేకుండానే పూల్ (డిస్కుల ఉమ్మడి జాగా) చేసి, డేటా అంతా దాంట్లోకి కాపీ చేసి, ఖాళీ అయిన పాత 8నీ 4నీ తర్వాత జతగా అటాచ్ చేయాలి.

గోరువంక:

చుక్కాని గారూ, మీ లెక్కలోనే చిక్కుంది. డేటా 8.4 టీబీ, పూల్ 11 టీబీ. అంటే మొదటిరోజే 76 శాతం నిండిపోతుంది. 80 దాటాక జెడ్‌ఎఫ్‌ఎస్‌కి ఖాళీ జాగా ముక్కలు ముక్కలై రాత మందగిస్తుంది. పైగా పూల్ మొత్తం ఒకే కట్ట. ఒక మిర్రర్‌లో రెండు డిస్కులూ పోతే రెండో మిర్రర్‌లో ఉన్నదీ దక్కదు.

సినిమా ఫైలు ఒకసారి రాస్తే మళ్లీ మారదు. ఇలాంటి డేటా కోసమే స్నాప్‌రెయిడ్ ఉంది. ఒక 8 టీబీ ప్యారిటీకి ఇస్తే 8+4+3, మొత్తం 15 టీబీ చేతికొస్తుంది. ప్యారిటీ డిస్కు మిగతావాటిలో పెద్దదానికి సమానంగానో ఎక్కువగానో ఉండాలన్నదొక్కటే షరతు. డిస్కులు ఏ సైజువైనా పర్లేదు. ప్రతి డిస్కూ మామూలు ఈఎక్స్‌టీ4 (లినక్స్ ఫైల్‌సిస్టమ్). ఒకటి పోతే ప్యారిటీతో తిరిగొస్తుంది. ఒకేసారి రెండు పోతే పోయిన వాటిలోది మాత్రమే పోతుంది. మిగిలిన డిస్కుని ఊడదీసి ఏ లినక్స్ మెషీన్‌కి తగిలించినా తెరుచుకుంటుంది.

ఇంకొకటి, కరెంటు. సినిమా చూస్తున్నప్పుడు ఆ ఫైలున్న డిస్కు ఒక్కటే తిరుగుతుంది. 3.5 అంగుళాల డిస్కు ఊరికే తిరుగుతున్నా 5 వాట్లు తింటుంది. మూడు నిద్రపోతే 15 వాట్లు, ఏడాది పొడుగునా లెక్కేస్తే సుమారు 130 యూనిట్లు. జెడ్‌ఎఫ్‌ఎస్ పూల్‌లో ఫైళ్లు అన్ని జతల మీదా పరుచుకుని ఉంటాయి కాబట్టి అన్నీ తిరుగుతూనే ఉండాలి.

పాతఇనుము:

మీ ఇద్దరి వాదనకీ ముందు తేలాల్సినవి వేరే ఉన్నాయి. పాత మెషీన్‌లో డేటా పోవడానికి తొలి కారణం ఫైల్‌సిస్టమ్ కాదు, పవర్ సప్లై, కేబుళ్లు, పరీక్షించకుండా వాడేసిన డిస్కులు.

తంగేడు గారూ, ముందు నాలుగింటికీ స్మార్ట్ (డిస్కు తన ఆరోగ్యాన్ని తానే నమోదు చేసుకునే పట్టిక) వివరాలు తీయండి. చూడాల్సినవి 5, 197, 198, 199 నంబర్లు. 5 అంటే ఇప్పటికే పాడై పక్కనబెట్టిన సెక్టార్లు. అంకె చిన్నదై, వారాల తరబడి పెరగకుండా ఉంటే వాడుకోవచ్చు, పెరుగుతుంటే తీసేయండి. 197, 198 అంటే చదవడానికి రాని సెక్టార్లు, వాటిలో సున్నా కాకుండా ఏదున్నా ఆ డిస్కుని నమ్మొద్దు. 199 డిస్కు జబ్బు కాదు, సాటా కేబుల్ జబ్బు. గొళ్లెం లేని పాత కేబుళ్లు తీసేసి, లోహపు గొళ్లెం ఉన్నవి పెట్టండి. ఆ అంకె తగ్గదు, పెరగడం ఆగితే కేబుల్ సరిపడిందన్నమాట.

తర్వాత ఖాళీ డిస్కులకి బ్యాడ్‌బ్లాక్స్ రాత పరీక్ష. నాలుగు రకాల నమూనాలు రాసి, ప్రతిదీ తిరిగి చదువుతుంది. అంటే మొత్తం ఎనిమిది చుట్లు. 8 టీబీకి ఒక్కో చుట్టు దాదాపు 13 గంటలు, మొత్తం నాలుగు రోజులు దాటుతుంది. బ్లాక్ సైజు 4096 ఇవ్వాలి, లేకపోతే అంత పెద్ద డిస్కుని లెక్కపెట్టలేక మొదట్లోనే ఆగిపోతుంది. డేటా ఉన్న డిస్కుల మీద ఈ పరీక్ష పెట్టారో, మొత్తం తుడిచేస్తుంది! వాటికి స్మార్ట్ లాంగ్ టెస్ట్ చాలు.

పవర్ సప్లై సంగతి. డిస్కు తిరగడం మొదలుపెట్టే కొద్ది సెకన్లలో 12 వోల్టుల లైన్ మీద 2 ఆంప్స్ వరకు లాగుతుంది. నాలుగూ ఒకేసారి లేస్తే 8 ఆంప్స్. ఏళ్లు గడిచిన సప్లైలో కెపాసిటర్లు బలహీనపడి ఉంటే అప్పుడే వోల్టేజీ జారి, బూట్‌లో ఒక డిస్కు కనిపించకుండా పోతుంది. మర్నాడు అదే డిస్కు మళ్లీ కనిపిస్తుంది. రెయిడ్ దాన్ని చచ్చిన డిస్కు కింద జమకట్టి బయటికి తోసేస్తుంది. ఏ ఫైల్‌సిస్టమ్ పెట్టినా దీనికి మందు లేదు, సప్లై మార్చాల్సిందే. మోలెక్స్ (పాత రకం నాలుగు పిన్‌ల పవర్ కనెక్టర్) నుంచి సాటాకి మార్చే అడాప్టర్లలో ప్లాస్టిక్ ఒకే ముద్దగా పోతపోసినవి వాడొద్దు. లోపల తీగలు ఒకదానికొకటి తగిలి కాలిపోయే ప్రమాదం ఉంది. తీగలు విడివిడిగా క్రింప్ చేసినవి తీసుకోండి.

ఆ 8 టీబీలు యూఎస్‌బీ పెట్టెల్లోంచి ఊడదీసినవైతే, కొన్ని అసలు తిరగవు. సాటా పవర్ కనెక్టర్ మూడో పిన్‌కి 3.3 వోల్టులు అందితే ఆగిపొమ్మనే సంకేతంగా తీసుకునే రకం అవి. మొదటి మూడు పిన్‌ల మీద సన్నటి కాప్టన్ (కరెంటు పారనివ్వని) టేపు అంటిస్తే లేస్తాయి.

బోర్డు మీది సీఆర్2032 బ్యాటరీ కూడా మార్చేయండి. అది అయిపోయిన మెషీన్‌కి కరెంటు పోయొస్తే బయోస్ సెట్టింగులన్నీ మొదటికొస్తాయి. సాటా ఏహెచ్‌సీఐ (డిస్కులతో మాట్లాడే మామూలు పద్ధతి) నుంచి వేరే మోడ్‌లోకి మారిపోవచ్చు, కరెంటు రాగానే దానంతటదే ఆన్ అయ్యే అమరికా పోతుంది.

చుక్కాని:

పాతఇనుము గారు చెప్పినవన్నీ నావైపునా చేయాల్సినవే, అందులో వాదం లేదు. గోరువంక గారు స్నాప్‌రెయిడ్ కంతని మాత్రం దాటేశారు.

ప్యారిటీ అనేది సింక్ (లెక్కని తాజా చేసే కమాండ్) చేసిన క్షణంలో అన్ని డిస్కుల్లో ఉన్న ఫైళ్లని కలిపి కట్టిన లెక్క. రాత్రి సింక్ అయింది. పొద్దున 4 టీబీలోంచి 40 జీబీ సినిమా చెరిపారు. మధ్యాహ్నం 3 టీబీ చచ్చింది. ఇప్పుడు ఆ 40 జీబీకి ఎదురుగా 3 టీబీలో ఉన్న బ్లాకులు తిరిగి రావు, లెక్కలో ఒక సంఖ్య మాయమైంది కాబట్టి. చెరిపింది ఒక డిస్కులో, నష్టం ఇంకో డిస్కులో! సింక్ తర్వాత చేర్చిన కొత్త ఫైళ్లకైతే రక్షణే లేదు. ఫోటోల మీద ఇలాంటి పందెం కాయడం నాకు ఎంతమాత్రం సమ్మతం కాదు.

గోరువంక:

కంత ఉంది, కాదనను. ఒక రోజు వెడల్పున్న కంత అది. దాన్ని ఇంకా ఇరుకు చేయొచ్చు. చెరిపివేతల్ని పగలు చేయకుండా చెత్త ఫోల్డర్‌లోకి జరిపి, సింక్‌కి కాస్త ముందు ఒక్కసారే ఖాళీ చేయాలి. ఆ ఫోల్డర్ అదే డిస్కులో ఉండాలి, అప్పుడు బ్లాకులు ఎక్కడివక్కడే ఉంటాయి. సింక్‌కి ముందు డిఫ్ (గత సింక్ తర్వాత మారినవి చూపే కమాండ్) నడిపి, చెరిగిన ఫైళ్లు ఒక హద్దు దాటితే, 50 అనుకోండి, సింక్ ఆగిపోయేలా స్క్రిప్టు పెట్టాలి. ఆ హద్దు లేకపోతే, పొరపాటున ఒక ఫోల్డర్ మొత్తం చెరిగిన రోజున ఆ చెరిపివేతనే ఖాయం చేసుకుని ప్యారిటీని మార్చేసే ముప్పుంది.

ఫైలు లోపల నిశ్శబ్దంగా పాడైపోవడాన్నీ ఇది పట్టుకుంటుంది, హాష్ (చెక్‌సమ్ లాంటిదే) తన దగ్గర ఉంటుంది కాబట్టి. స్క్రబ్ ఒక్కసారికి 8 శాతం చూస్తుంది. వారానికోసారి నడిపితే మూడు నెలల్లో ఒక చుట్టు పూర్తవుతుంది.

మర్జర్‌ఎఫ్‌ఎస్‌లో తప్పు జరిగే చోటు వేరు. కొత్త ఫైలు ఏ డిస్కులో పడాలో నిర్ణయించే పాలసీ ఈపీఎంఎఫ్‌ఎస్ అయితే, ఆ ఫోల్డర్ ఇప్పటికే ఉన్న డిస్కులోనే రాస్తుంది. సినిమాల ఫోల్డర్ ఒక్క డిస్కులోనే ఉంటే, పక్కన 4 టీబీ ఖాళీగా ఉన్నా స్థలం లేదంటుంది. ఎంఎఫ్‌ఎస్ పెట్టండి, ఎక్కువ ఖాళీ ఉన్నదాంట్లోకి పోతుంది. మిన్‌ఫ్రీస్పేస్ (డిస్కులో వదలాల్సిన కనీస ఖాళీ) 100 జీబీ ఇవ్వండి.

నీలిమబ్బు:

మీరిద్దరూ డిస్కు చావడం గురించే మాట్లాడుతున్నారు. చేజేతులా చెరపడం, షేర్‌లోకి దూరిన వైరస్ అన్నిటినీ ఎన్‌క్రిప్ట్ చేయడం, పవర్ సప్లై కాలుతూ నాలుగు డిస్కులనీ వెంట తీసుకుపోవడం, దొంగతనం: వీటిలో ప్యారిటీ దేన్ని ఆపుతుంది? జెడ్‌ఎఫ్‌ఎస్ స్నాప్‌షాట్ మొదటి రెండింటి వరకు ఆదుకుంటుంది. ఆ పెట్టెలోనే ఉన్న ఏదీ చివరి రెండింటినీ ఆపలేదు.

600 జీబీ ఫోటోలు మళ్లీ తీయలేరు. సినిమాలు డీవీడీ, బ్లూ-రేల్లోంచి మళ్లీ రిప్ (ఫైళ్లుగా కాపీ) చేసుకోవచ్చు, శ్రమే తప్ప నష్టం లేదు. రెండింటికీ ఒకే రక్షణ ఎందుకు? 3 టీబీ డిస్కుని ఈ మెషీన్‌లో పెట్టనే వద్దు. యూఎస్‌బీ పెట్టెలో వేసి, నెలకోసారి తగిలించి, ఫోటోలని రెస్టిక్ అనే సాఫ్ట్‌వేర్‌తో బ్యాకప్ తీసి, ఊడదీసి వేరే ఇంట్లో ఉంచండి. యూఎస్‌బీ 3 అయితే మొదటిసారి రెండు గంటల లోపే అవుతుంది, తర్వాత మారినవే పోతాయి. సాంబాలో (నెట్‌వర్క్ మీద ఫోల్డర్లు పంచే సాఫ్ట్‌వేర్) సినిమాల షేర్ అందరికీ చదవడానికి మాత్రమే ఇవ్వండి. రాసే హక్కు ఒక్క యూజర్‌కి చాలు.

ప్యారిటీ పెట్టుకోండి, వద్దనను. మొదట కొనాల్సింది మాత్రం బ్యాకప్.

చుక్కాని:

నీలిమబ్బు గారి మాటతో ఏకీభవిస్తాను. 3 టీబీ బయటికి పోతే నా రెండో మిర్రర్ పోతుంది, 8 టీబీలో 8.4 పట్టదు. ఈ నాలుగు డిస్కులతో అయితే స్నాప్‌రెయిడే. రేపు ఇంకో 8 టీబీ చేరితే మాత్రం ఫోటోలని జెడ్‌ఎఫ్‌ఎస్ మిర్రర్‌లోకి మార్చమనే అంటాను. రోజూ మారే ఫైళ్లకి రాత్రి సింక్ సరిపోదు.

తంగేడు:

అయితే 8 ప్యారిటీ, 8+4 డేటా, 3 బయట. 12 టీబీలో 8.4 పోగా ఇంకా 3.6 ఉంటుంది, చాలు. ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో ఉన్నదాన్ని ఏ వరుసలో మార్చాలి?

గోరువంక:

పరీక్షలన్నీ అయ్యాక ఇలా చేయండి. ఖాళీ 8 టీబీని ఈఎక్స్‌టీ4 చేసి, పాత 8లోని 6 టీబీని ఆర్‌సింక్ అనే కాపీ కమాండ్‌తో దాంట్లోకి కాపీ చేయాలి. సెకనుకి 150 ఎంబీ లెక్కన 11 గంటలు. అది కాగానే ఆర్‌సింక్‌ని చెక్‌సమ్ ఆప్షన్‌తో, ఏదీ రాయకుండా మళ్లీ నడపండి. తేడా ఉన్న ఫైలు ఒక్కటి కూడా కనిపించకూడదు. 4 టీబీలోని 2.4ని 3 టీబీలోకి కాపీ చేసి, అలాగే సరిచూసి, 4ని ఫార్మాట్ చేసి వెనక్కి తెచ్చుకోండి. పాత 8ని చిట్టచివర తుడవండి. అప్పటిదాకా సినిమాలకి అదే బ్యాకప్.

తుడిచాక ప్యారిటీ డిస్కుని ఈఎక్స్‌టీ4గా చేసేటప్పుడు రిజర్వ్ 0 శాతం, రకం లార్జ్‌ఫైల్4 (పెద్ద ఫైళ్లకి తగిన అమరిక) ఇవ్వండి. మామూలుగా చేస్తే రూట్ (అడ్మిన్ యూజర్) కోసం 5 శాతం, అంటే 400 జీబీ పక్కన పెట్టేస్తుంది. అప్పుడు అదే సైజున్న డేటా డిస్కు నిండేకొద్దీ ప్యారిటీ ఫైలుకి చోటు చాలదు. డేటా డిస్కులకి రిజర్వ్ 1 లేక 2 శాతం ఉంచితే మంచిదే. స్నాప్‌రెయిడ్ కంటెంట్ ఫైలుని (ఫైళ్ల జాబితా, హాష్‌లు ఉండేది) ఎస్‌ఎస్‌డీలో ఒకటి, ఒక్కో డేటా డిస్కులో ఒకటి పెట్టండి.

పాతఇనుము:

ఒకటి కలుపుతాను. ఎఫ్‌స్టాబ్‌లో (బూట్‌లో ఏ డిస్కులు తగిలించాలో చెప్పే ఫైలు) డిస్కుల్ని యూయూఐడీతో (డిస్కు గుర్తింపు సంఖ్య) రాసి, నోఫెయిల్ (డిస్కు రాకపోయినా బూట్ ఆపొద్దనే) ఆప్షన్ ఉందో లేదో చూసుకోండి. అది లేకపోతే ఒక్క డిస్కు రాకపోయినా మెషీన్ ఎమర్జెన్సీ మోడ్‌లో ఆగిపోతుంది. మానిటర్ లేని సర్వర్‌కి అదో పెద్ద బాధ. అది ఉంటే ఇంకో చిక్కు: డిస్కు మౌంట్ కాకుండానే (తన ఫోల్డర్‌కి తగులుకోకుండానే) బూట్ అవుతుంది, కొత్త ఫైళ్లు ఖాళీ మౌంట్ ఫోల్డర్‌లో పడి 120 జీబీ ఎస్‌ఎస్‌డీని నింపేస్తాయి. అందుకని డిస్కులు మౌంట్ చేయకముందే ఆ ఫోల్డర్లకి చాటర్ కమాండ్‌తో ప్లస్ ఐ గుర్తు (మార్చడానికి వీల్లేదనేది) పెట్టండి. డిస్కు లేనప్పుడు రాత అక్కడే ఎర్రర్ ఇచ్చి ఆగుతుంది.

మొదటి సింక్ కాగానే పరీక్షగా ఒక సినిమా ఫైలుని వేరే చోటికి జరిపి, స్నాప్‌రెయిడ్ ఫిక్స్‌తో ఆ ఒక్క ఫైలునే తెప్పించండి. జరిపిన దానితో ఎండీ5 (ఫైలు మొత్తానికి చెక్‌సమ్) కలిస్తే అప్పుడు జెల్లీఫిన్ వేసుకోండి. అన్నట్టు, ఆరో తరం ఐ5 పది బిట్ల హెచ్‌ఈవీసీ వీడియోని హార్డ్‌వేర్‌లో పూర్తిగా డీకోడ్ చేయలేదు. అలాంటి ఫైళ్లని నేరుగా ప్లే చేసుకోగల టీవీయో బాక్సో ఉంటే ట్రాన్స్‌కోడింగ్ (వీడియోని వేరే ఫార్మాట్‌లోకి మార్చి పంపడం) అవసరమే పడదు.