జనరల్ కె.వి. కృష్ణారావు మీద వ్యాసం: ఏవి సరిచూసుకోవాలి, దేనికి చోటు ఎక్కువ ఇవ్వాలి?

చంపావతి_ఒడ్డు:

మా సంచికకి జనరల్ కె.వి. కృష్ణారావు గారి మీద నాలుగు పేజీల వ్యాసం సిద్ధమవుతోంది. తెలుగులో దొరికినవన్నీ ఒకే మూసలో ఉన్నాయి. 1923లో పుట్టారు, 1942లో సైన్యంలో చేరారు, 1971 బంగ్లాదేశ్ యుద్ధంలో సిల్హెట్ పట్టణం గెలిచారు, ఆర్మీ చీఫ్ అయ్యారు, గవర్నర్ అయ్యారు, 2016 జనవరిలో కన్నుమూశారు. అంతే. కొన్ని సందేహాలు తీర్చగలరా? సిల్హెట్‌లో హెలికాప్టర్లతో సైన్యాన్ని దింపిన ఆలోచన ఆయనదేనా? చీఫ్‌గా మూడేళ్లు నిండకుండానే ఎందుకు దిగిపోయారు, తప్పించారా? ఒకచోట 11వ చీఫ్ అని, ఇంకోచోట 14వ చీఫ్ అని ఉంది, ఏది రాయాలి? పై మూసలో లేనిది, తప్పకుండా ఉండాల్సింది ఏమైనా ఉంటే అదీ చెప్పండి.

పటాల_పెట్టె:

సిల్హెట్ సంగతి నేను చెబుతాను. హెలికాప్టర్ల ఆలోచన 4వ కోర్ కమాండర్ లెఫ్టినెంట్ జనరల్ సగత్ సింగ్‌ది. ఆ కోర్ కింద 8వ మౌంటెన్ డివిజన్‌ని నడిపిన మేజర్ జనరల్ కృష్ణారావు గారు. మన పత్రికల్లో ఈ రెండూ కలిపేసి రాస్తుంటారు, మీరు మాత్రం విడదీసి రాయండి. ఆయన చేసిన పని దానంతట అదే చిన్నది కాదు.

మ్యాప్ ఎదురుగా పెట్టుకుంటే తేలిగ్గా అర్థమవుతుంది. డివిజన్‌లో రెండు బ్రిగేడ్లు. 59వది గాజీపూర్, కులౌరా దారిలో, 81వది శంషేర్‌నగర్, మౌల్వీబజార్ దారిలో ముందుకు వెళ్లాయి. కులౌరా రైల్వే జంక్షన్, అక్కడి నుంచి సిల్హెట్ ఇంచుమించు 50 కిలోమీటర్లు. డిసెంబర్ 7 మధ్యాహ్నం 59వ బ్రిగేడ్‌కి చెందిన 4/5 గోర్ఖా రైఫిల్స్ బెటాలియన్‌ని (బ్రిగేడ్‌లో ఒక భాగం) మీ-4 హెలికాప్టర్లలో సిల్హెట్ శివార్లలో దింపారు. ఒక్కో మీ-4లో పట్టేది డజను పైచిలుకు మందే. అందుకే బెటాలియన్ అంతా ఒకేసారి దిగలేదు, ముందు దిగినవాళ్లు కాల్పుల మధ్యనే మిగతావాళ్ల కోసం కాచుకోవాల్సి వచ్చింది.

తేడా కొట్టింది సమాచారం దగ్గర. అక్కడి పాకిస్తానీ 202వ బ్రిగేడ్ ఊరు ఖాళీ చేసి వెళ్లిపోయిందని అనుకున్నారు. అది వెళ్లలేదు. పైగా మౌల్వీబజార్ నుంచి వెనక్కి తగ్గిన 313వ బ్రిగేడ్ దక్షిణాన అశూగంజ్ వైపు పోతుందనుకుంటే, ఉత్తరాన సిల్హెట్‌కే వచ్చి చేరింది. అంతకుముందే ఆట్‌గ్రామ్, గాజీపూర్ పోరాటాల్లో బాగా నష్టపోయి అయిదు వందల లోపుకి తగ్గిన బెటాలియన్ రెండు బ్రిగేడ్ల ఎదుట నిలబడింది. రెండు రోజుల్లో నేల మీది బలగాలు వచ్చి కలుస్తాయన్న లెక్క వారం దాటింది. దిగింది బ్రిగేడ్ అని బీబీసీలో రావడం వాళ్లకి కలిసొచ్చింది, అవతలివాళ్లు అదే నమ్మి గట్టిగా మీద పడలేదు.

ఇక కృష్ణారావు గారి భారం రెండు దారుల్లోనూ బ్రిగేడ్లని ఆగకుండా నడిపించి, ఆ బెటాలియన్ నలిగిపోకముందే సిల్హెట్ చేరడం. చివరికి అక్కడ లొంగిపోయినవాళ్లలో ముగ్గురు బ్రిగేడియర్లు ఉన్నారు, సైనికులు ఆరు వేల పైచిలుకు. ఈ నాయకత్వానికి ఆయనకి పరమ విశిష్ట సేవా పతకం వచ్చింది. దాన్ని శౌర్య పతకం అని రాయకండి. వీరచక్ర వరస వేరు, విశిష్ట సేవ వరస వేరు.

నెలాఖరు:

పదవీకాలం లెక్క సులువే. అప్పట్లో చీఫ్‌కి మూడేళ్లు, లేదా 60 ఏళ్ల వయసు, ఏది ముందు వస్తే అది. (ఇప్పుడు వయసు 62.) ఆయన పుట్టింది 1923 జూలై 16న. చీఫ్‌గా 1981 జూన్ 1న బాధ్యత తీసుకున్నారు. 1983 జూలైలో 60 నిండాయి, ఆ నెల చివరి రోజు 31న రిటైరయ్యారు. తర్వాత వచ్చిన జనరల్ వైద్య విషయంలోనూ ఇదే కనిపిస్తుంది. పుట్టినరోజు జనవరి 27, దిగిపోయింది 1986 జనవరి 31.

తప్పించారన్న మాట ఎలా పుట్టిందో ఊహించవచ్చు. 1983లో వారసుణ్ణి ఎంచేటప్పుడు సీనియర్ అయిన లెఫ్టినెంట్ జనరల్ ఎస్.కె. సిన్హాని పక్కనపెట్టి వైద్యకి ఇచ్చారు, సిన్హా రాజీనామా చేశారు. ఆ గొడవ ఈయన మెడకి చుట్టుకుంది. ఆయన రిటైర్మెంట్‌కి దానితో సంబంధం లేదు.

నంబరు విషయంలో రెండు లెక్కలూ తప్పు కావు, మొదలుపెట్టే చోటు వేరు. కమాండర్-ఇన్-చీఫ్ పదవి పోయి చీఫ్ ఆఫ్ ఆర్మీ స్టాఫ్ పదవి వచ్చింది 1955 ఏప్రిల్ 1న. అక్కడి నుంచి, అంటే రాజేంద్రసింహ్‌జీ నుంచి లెక్కేస్తే ఆయన 11వ వారు. కరియప్పతో మొదలెడితే 12. స్వాతంత్ర్యం వచ్చాక ఉన్న లాక్‌హార్ట్, బూచర్ అనే ఇద్దరు బ్రిటిష్ జనరల్స్‌ని కూడా కలిపితే 14. నేనైతే 11 వేసి, 1955 నుంచి అని పక్కన రాస్తాను.

1982 మార్చి నుంచి ఆయన చీఫ్స్ ఆఫ్ స్టాఫ్ కమిటీ చైర్మన్ కూడా. దాన్ని ప్రమోషన్ అని రాసినవాళ్లున్నారు. అప్పట్లో ముగ్గురు చీఫ్‌లలో ఎవరు ముందు చీఫ్ అయ్యారో వాళ్లకి వచ్చే బాధ్యత అది. నేవీ చీఫ్ పెరీరా 1982 ఫిబ్రవరి చివర రిటైరయ్యారు. ఎయిర్ చీఫ్ దిల్బాగ్ సింగ్ 1981 సెప్టెంబర్‌లో వచ్చినవారు, ఈయన జూన్‌లో వచ్చినవారు. కాబట్టి వరస ఈయనది. దిల్బాగ్ సింగ్ కన్నా ముందు ఎయిర్ చీఫ్ హైదరాబాద్‌లో పుట్టిన ఇద్రిస్ హసన్ లతీఫ్. అంటే 1981 జూన్ నుంచి ఆగస్టు దాకా మూడు నెలలు ఆర్మీ, ఎయిర్ ఫోర్స్ రెండింటికీ అప్పటి మన ఉమ్మడి రాష్ట్రంవాళ్లే అధిపతులు. ఇంత ముచ్చటైన విషయం ఎక్కడా రాయరు!

గొలుసు_చక్రం:

మూసలో లేనిది అన్నారు కదా, అది 1975 నాటి నిపుణుల కమిటీ. నా మాట వింటే నాలుగు పేజీల్లో ఒకటిన్నర దీనికే ఇవ్వండి. సిల్హెట్ ఒక యుద్ధంలో ఒక రంగం. ఈ కమిటీ మాత్రం సైన్యం నడిచే తీరునే మార్చింది, ఆ మార్పు ఇప్పటికీ ఉంది.

2000 సంవత్సరం నాటికి సైన్యం ఎలా ఉండాలన్నది కమిటీ ముందున్న ప్రశ్న. అధ్యక్షుడు అప్పటి లెఫ్టినెంట్ జనరల్ కృష్ణారావు. సభ్యుల్లో సుందర్‌జీ ఉన్నారు, తర్వాత ఆయనా చీఫ్ అయ్యారు. ఇద్దరూ మహార్ రెజిమెంట్ అధికారులే. 1941లో బెల్గాంలో కొత్తగా లేచిన ఆ రెజిమెంట్‌లోకే కృష్ణారావు గారు 1942 ఆగస్టు 9న, సరిగ్గా గాంధీని అరెస్టు చేసిన రోజున, అధికారిగా కమిషన్ పొందారు.

ఇబ్బంది ఏమిటంటే, చాలాకాలం ట్యాంకుల వెనక కాల్బలం లారీల్లో వెళ్లేది. రోడ్డు ఉన్నంతసేపూ బాగానే ఉంటుంది. ట్యాంకు పొలంలోకో ఇసుకలోకో దిగితే లారీ దిగబడిపోతుంది. ఫిరంగి గుండ్ల ముక్కలు తగిలితే లారీలో ఉన్నవాళ్లకి ఏ రక్షణా లేదు. జవాన్లు దిగి నడవాలి, ట్యాంకులు వాళ్ల కోసం ఆగాలి, లేదా ఒంటరిగా ముందుకు పోవాలి. ఒంటరిగా పోతే కందకంలో రాకెట్ లాంచర్ పట్టుకుని కూర్చున్న ఒక్క మనిషి ట్యాంకుని పేల్చేస్తాడు. వాణ్ణి పట్టుకోవాల్సిన కాల్బలం ఎక్కడో వెనకుంటుంది.

దీనికి మందు, గొలుసు చక్రాల మీద ట్యాంకుతో సమానంగా పరిగెత్తే కవచ వాహనాల్లో కాల్బలాన్ని ఎక్కించడం. 1979 ఏప్రిల్ 2న మెకనైజ్డ్ ఇన్‌ఫాంట్రీ రెజిమెంట్ ఏర్పడింది. కొత్తగా మనుషుల్ని తీసుకోలేదు, పాత పటాలాలనే మార్చారు. 1 మద్రాస్ అలాగే 1 మెకనైజ్డ్ అయింది, 1 సిఖ్, 1/8 గోర్ఖాలు కూడా మారాయి. శతాబ్దాల చరిత్ర ఉన్న పేర్లు వదులుకోవడం వాళ్లకి ఎంత కష్టమో వేరే చెప్పాలా.

వాళ్ల వాహనం బీఎంపీ. బీఎంపీ-2లో నడిపే సిబ్బంది ముగ్గురు, వెనక జవాన్లు ఏడుగురు. పక్క గోడల్లో తుపాకీ బయటికి పెట్టి కాల్చడానికి రంధ్రాలుంటాయి. కాలువ అడ్డొస్తే నీళ్లలో ఈదుకుంటూ పోతుంది, పంజాబ్ సరిహద్దులో కాలువలు ఎక్కువ కాబట్టి ఇది చాలా అవసరం. లోపమూ ఉంది. వెనక తలుపులు డొల్లగా ఉండి వాటిలోనూ డీజిల్ పోస్తారు, యుద్ధానికి ముందు అది ఖాళీ చేయకపోతే జవాన్ల పక్కనే మంటే. ఈ వాహనాన్ని మన దేశంలో సరథ్ పేరుతో తయారుచేసింది ఎద్దుమైలారం ఫ్యాక్టరీ, అప్పట్లో మెదక్ జిల్లా, ఇప్పుడు సంగారెడ్డి. మీ పాఠకుల్లో అక్కడ పనిచేసిన కుటుంబాలవాళ్లు తప్పక ఉంటారు, ఈ ముడి వేసి రాయండి.

చంపావతి_ఒడ్డు:

అందరికీ కృతజ్ఞతలండీ. కాశ్మీర్ గవర్నర్‌గా రెండుసార్లు ఉన్నారు కదా, 1990 నుంచి 1996 దాకా అంతా గవర్నర్ పాలన అని రాయవచ్చా?

నెలాఖరు:

వద్దు. అప్పట్లో అమల్లో ఉన్న జమ్మూ కాశ్మీర్ రాజ్యాంగం 92వ సెక్షన్ కింద గవర్నర్ పాలన ఆరు నెలలే ఉండేది. 1990 జనవరిలో పెట్టిన అది జూలైలో ముగిసి, భారత రాజ్యాంగం 356వ అధికరణ కింద రాష్ట్రపతి పాలన వచ్చింది, 1996 అక్టోబర్ దాకా సాగింది. పైగా ఆ 1990 గవర్నర్ పాలన నడిపింది ఈయన కాదు. ఈయన మొదటి దఫా 1989 జూలై నుంచి 1990 జనవరి వరకు, అప్పుడు ఫరూక్ అబ్దుల్లా ప్రభుత్వం ఉంది. జగ్‌మోహన్ రాగానే ఈయన వెళ్లిపోయారు. రెండో దఫా 1993 మార్చి నుంచి 1998 మే. మొదటి మూడున్నరేళ్లు రాష్ట్రపతి పాలన, సలహాదారులతో పరిపాలన. ఆ తర్వాత ఎన్నికైన ప్రభుత్వం.

రెండో దఫాలో మూడు విషయాలు చాలు. 1993 అక్టోబర్–నవంబర్‌లో శ్రీనగర్‌లోని హజ్రత్‌బల్ దర్గా దగ్గర నెలకు పైగా సాగిన ముట్టడి. 1995 జనవరి 26న జమ్మూ మౌలానా ఆజాద్ స్టేడియంలో ఆయన ప్రసంగిస్తుండగా పేలిన బాంబులు, ఆయనకి ఏమీ కాలేదు గానీ ఎనిమిది మంది చనిపోయారు. 1996లో లోక్‌సభ, శాసనసభ ఎన్నికలు జరిపించడం. వీటికన్నా ముందు, 1984 నుంచి 1989 దాకా ఈశాన్యంలో నాగాలాండ్, మణిపూర్, త్రిపురలకి గవర్నర్. అక్కడ తిరుగుబాట్ల నడుమ డివిజన్ నడిపిన మనిషే గవర్నర్‌గా వెళ్లారని ఒక్క వాక్యం పెట్టండి.

పటాల_పెట్టె:

ఇంకొక్కటి. తొలి తెలుగు ఆర్మీ చీఫ్ అని శీర్షికలో వేయబోతున్నారేమో. 1955–57 మధ్య చీఫ్‌గా ఉన్న శ్రీనాగేశ్ కుటుంబానికి హైదరాబాద్ అనుబంధం ఉంది, 1962–64లో ఆయన ఆంధ్రప్రదేశ్ గవర్నర్ కూడా. ఆయన మాటేమిటని ఎవరో ఒకరు ఉత్తరం రాస్తారు. ఆంధ్ర ప్రాంతం నుంచి వచ్చిన ఆర్మీ చీఫ్ అని వేస్తే ఏ చిక్కూ ఉండదు.