తిరుపతి నవలలో కాలం తప్పకూడదంటే?

ప్రశ్న: 1952, 1976, 2008లలో నడిచే తిరుపతి నవల రాస్తున్నా. ఏవేవి సరిచూసుకోవాలి?

జవాబు: ముందు చిల్లర చూడన్నా. 1957 ఏప్రిల్ దాకా రూపాయికి 16 అణాలు. కాఫీకి అణా అయితే, బేడ (రెండణాలు) ఇచ్చినోడికి అణా తిరిగి రావాల. అక్కడ 'పది పైసలు' అనిపించినావో, ఆ పేజీ చెడినట్టే.

జవాబు: 1952లో ఉత్తరం మీద మద్రాసు రాష్ట్రమే. ఎస్వీ యూనివర్సిటీ 1954లో వచ్చింది, హీరోని అక్కడ ఎమ్మే చదివించొద్దు. తిరుమల కొండకి రెండో ఘాట్ రోడ్డు 1974లో, అంతకుముందు బస్సు ఎక్కినా దిగినా 1944 నాటి రోడ్డే. 2008కి కార్పొరేషన్ ఉంది, జిల్లా మాత్రం ఇంకా చిత్తూరే.

జవాబు: తిరుపతి గంగమ్మ పండగ, గంగజాతరను మూడు కాలాల్లోనూ పెట్టండి. భక్తులు వేసే బైరాగి, తోటి, దొర, మాతంగి వేషాలు అవే. చూసే వీధి మారుతుంది. కాలం మారిందని చూపడానికి తేదీల కంటే అదే బాగా పనిచేస్తుంది.