చామంతులు అయిపోయాయి, మల్లె మొగ్గ తొడగట్లేదు – మేడ మీద ఎండాకాలానికి ఏం పెట్టాలి?

ఖమ్మం మేడతోట:
రెండో అంతస్తు మీద మా కుండీల తోట. సంక్రాంతికి చామంతి, పెటునియా, డయాంథస్ పోటీలు పడి పూశాయి. ఇప్పుడు మార్చి మొదటి వారం. చామంతి కొమ్మలన్నీ ఎండు పుల్లలు. పీకేద్దామంటే మా అత్తగారు ముట్టుకోనివ్వట్లేదు. పెటునియా జిగురుగా, పొడుగ్గా సాగి చివరన ఒకట్రెండు పూలు పూస్తోంది. అసలు టెన్షన్ గుండుమల్లె గురించి. నిగనిగలాడే ఆకు, రోజూ నీళ్ళు, ఒక్క మొగ్గ లేదు. పక్కింటి వాళ్ళు ఉగాదికి మాల కడతామంటున్నారు! మాకు కుళాయి రోజు విడిచి రోజు వస్తుంది, అది కూడా చూసి చెప్పండి.

కడియం నర్సరీ మనిషి:
మీ అత్తగారి మాటే వినండమ్మా. చామంతి పీకొద్దు. పూసిన పుల్లల్ని మట్టికి నాలుగు వేళ్ళ ఎత్తులో కోసేయండి. మొదలు దగ్గర పచ్చగా పిలకలు కనపడతాయి, వాటిని బతికించుకుంటే చాలు. మధ్యాహ్నం ఎండ తగలని చోట పెట్టి, మట్టి ఆరాకే నీళ్ళు పోయండి. జూన్, జులైలో వానలు పడ్డాక పిలకలు విడదీసి నాటుకోండి. పగలు తగ్గి రాత్రి పెరిగితే గానీ చామంతి మొగ్గ వేయదు కాబట్టి ఇప్పుడు ఎరువులు పోసి లాభం లేదు.

పెటునియా మీద మమకారం వద్దు. మీ ఖమ్మం ఎండకి అది ఆగదు, కంపోస్టులో వేసేయండి. డయాంథస్ సగం నీడలో ఇంకొన్నాళ్ళు నెట్టుకొస్తుంది.

ఇక మల్లె. మొగ్గ వచ్చేది కొత్త చిగురు చివర. మీరు రోజూ నీళ్ళు పోసి పాత ఆకునే మేపుతున్నారు. మా వైపు రైతులు చలికాలంలో తోటకి నీళ్ళు ఆపేసి, గొర్రెల్ని తోలి ఆకు మేపిస్తారు, తర్వాత కొమ్మలు కత్తిరిస్తారు. మేడ మీదకి గొర్రెని ఎక్కించలేరు కాబట్టి మీరే దూయండి! నాలుగైదు రోజులు నీళ్ళు తగ్గించి, ఆకు దూసి, కొమ్మలు మూడో వంతు కత్తిరించండి. పైమట్టి గుల్ల చేసి రెండు దోసిళ్ళ మాగిన పశువుల ఎరువు, గుప్పెడు వేపపిండి వేసి, కుండీ నిండా తడపండి. యూరియా జోలికి వెళ్ళొద్దు. ఈ పని జనవరి చివర్లో చేయాల్సింది. ఇప్పుడు చేస్తే ఉగాదికి కాదు గానీ ఏప్రిల్ నెలాఖరుకి పూస్తుంది.

పిట్టగోడ, హైదరాబాద్:
పెద్దాయన చెప్పింది పొలానికి సరే. కుండీలో, అదీ మార్చిలో, మొత్తం ఆకు దూయడం నాకు ధైర్యం చాలదు. నేను కొమ్మల చివర్లు కత్తిరించి ఊరుకుంటాను, పూలు బాగానే వస్తాయి. మొగ్గలు ఊదారంగులోకి తిరిగి రాలుతుంటే మాత్రం లోపల పురుగున్నట్టు. వాటిని తుంచి పారేసి, సాయంత్రం వేపనూనె కొట్టండి.

ఖాళీ కుండీల్లో నాచుపూలు పెట్టండి. వేలెడు ముక్క గుచ్చితే చాలు, నీళ్ళు ఒకరోజు మర్చిపోయినా ఏమనదు. ఎండెక్కాక విచ్చుకుని మధ్యాహ్నానికల్లా ముడుచుకుంటుంది కాబట్టి ఆఫీసులకి వెళ్ళేవాళ్ళకి ఆదివారమే దర్శనం. బిళ్ళగన్నేరు, బొగడబంతి కూడా ఈ ఎండకి బెదరవు. బిళ్ళగన్నేరుకి నీళ్ళు ఎక్కువైతే మొదలు కుళ్ళుతుంది, మీ రోజు విడిచి రోజు కుళాయి దానికి సరిపోతుంది. జినియా విత్తనం ఇప్పుడు చల్లితే రెండు నెలల్లోపే పూలు.

ఖమ్మం మేడతోట:
సగం సగం చేస్తాను. రెండు మల్లె కుండీలున్నాయి, ఒకటి దూస్తాను, ఒకటి కత్తిరిస్తాను. గ్రీన్ నెట్ కట్టించాలా?

కడియం నర్సరీ మనిషి:
మల్లెకీ నాచుకీ వద్దు, వాటికి ఎండే కావాలి. చామంతి పిలకల మీద మాత్రం కట్టండి. కుండీల్ని స్లాబు మీద నేరుగా పెట్టకుండా ఇటుకల మీదకి ఎక్కించండి, పైన ఎండుటాకులు పరచండి. పగలు పైపులో మొదట వచ్చే నీళ్ళు మరుగుతుంటాయి, అవి బకెట్లోకి పట్టేసి, చల్లటి నీళ్ళు వచ్చాకే మొక్కకి పోయండి. రెండు కుండీల్లో ఏది ముందు పూసిందో ఇక్కడ చెప్పండమ్మా, హైదరాబాద్ వాళ్ళతో నాకు పందెం.

పిట్టగోడ, హైదరాబాద్:
పందెం ఒప్పుకున్నా. అన్నట్టు నా దగ్గర ఎర్ర నాచు గంపెడుంది, పసుపు రంగు ఎవరి దగ్గరైనా ఉంటే మార్చుకుందాం.