చెరువులో పోస్తున్న శిథిలాలపై ఎవరికి ఫిర్యాదు చేయాలి?

గుంటూరు శివారులోని మా ఊరి చెరువును ఇరవై మందిమి కలిసి ప్రతి ఆదివారం శుభ్రం చేస్తున్నాము. గుర్రపుడెక్కను వేళ్లతో సహా లాగి గట్టుకు చేరుస్తున్నాము గానీ, దాని విత్తనాలు బురదలో ఏళ్ల తరబడి బతికి ఉంటాయి కనుక, మురుగు వచ్చి కలిసిన కొద్దీ నీరు కనిపించనంతగా మళ్లీ అల్లుకుంటోంది. అంతకంటే పెద్ద బాధ, రాత్రివేళ ట్రాక్టర్లలో తెచ్చి గుమ్మరిస్తున్న ఇటుక ముక్కలు, కాంక్రీటు పెళ్లలు; వాటిని చేతులతో ఎత్తడం మా వల్ల కావడం లేదు (పార పట్టినవారిలో సగం మంది పదవీ విరమణ చేసినవారే). 2002 నాటి వాల్టా చట్టం (నీరు, భూమి, చెట్ల పరిరక్షణ చట్టం) నీటి వనరుల రక్షణకు కూడా వచ్చిందని చదివాము. అయితే ఫిర్యాదును తహసీల్దారుకు ఇవ్వాలా, పంచాయతీకా, కాలుష్య నియంత్రణ మండలికా? బండ్ల ఫొటోలు సాక్ష్యంగా సరిపోతాయా? గుర్రపుడెక్కను ఎరువుగా మార్చిన అనుభవం ఉన్నవారు, అది పొలం కాలువల్లో మళ్లీ మొలవకుండా ఏ జాగ్రత్తలు తీసుకున్నారో కూడా దయచేసి తెలియజేయగలరు.