అప్‌డేట్: ఆగిపోయిన తెలుగు స్పెల్‌చెక్ ప్రాజెక్టుకు మెయింటెయినర్లు దొరికారు

పైథాన్ ప్రోగ్రామింగ్ భాషలో రాసిన మా తెలుగు స్పెల్‌చెక్ లైబ్రరీ ఆగిపోయింది, నడిపేవాళ్లను (మెయింటెయినర్లను) ఎలా వెతకాలి అని అడిగాను కదా. జవాబిచ్చిన అందరికీ థాంక్స్. ఇప్పుడు తిరుపతి నుంచే ఇద్దరు చేరారు.

పనిచేసిన సలహా ఇది: ‘సాయం కావాలి’ అని రాసి ఊరుకోకుండా, పనిని చిన్న ముక్కలు చేసి కోడ్ ఉంచే గిట్‌హబ్ సైట్‌లో ‘గుడ్ ఫస్ట్ ఇష్యూ’ (కొత్తవాళ్లు మొదలుపెట్టడానికి తగ్గ పని) అనే లేబుల్ పెట్టడం. ఎస్వీ యూనివర్సిటీలో ఇంజనీరింగ్ చదివే అమ్మాయి ఒత్తుల బగ్ సరిచేసి పంపింది. అదే రోజు రివ్యూ చేశాను. వారాల తరబడి జవాబు రాకపోతే కొత్తవాళ్లు మళ్లీ రారు, నాకు అన్నిటికంటే ముఖ్యం అనిపించింది ఇదే.

కోడ్ మార్చే హక్కులు మాత్రం మెల్లగా ఇచ్చాను. 2024లో ఎక్స్‌జెడ్ యుటిల్స్ అనే ఫైల్ కంప్రెషన్ సాఫ్ట్‌వేర్‌లో బ్యాక్‌డోర్ (దొంగచాటుగా లోపలికి వచ్చే దారి) వచ్చింది, చాలాకాలం సాయం చేసి నమ్మకం సంపాదించిన మెయింటెయినర్ ఖాతా నుంచే. అందుకే రిపోను (ప్రాజెక్టు కోడ్ ఉండే చోటు) గిట్‌హబ్‌లో సొంత ఖాతా నుంచి ఆర్గనైజేషన్ అనే ఉమ్మడి ఖాతాకు మార్చి, మొదట ‘ట్రయాజ్’ హక్కే ఇచ్చాను, అంటే ఇష్యూలను చూసుకోవచ్చు గానీ కోడ్ మార్చలేరు. సొంత ఖాతాలో ఆ సౌకర్యం ఉండదు. పాత లింకులు కొత్త చోటికే వెళ్తున్నాయి, టెన్షన్ అక్కర్లేదు. పైథాన్ ప్యాకేజీలు దొరికే పైపీఐ సైట్‌లో వాళ్లను ‘మెయింటెయినర్’గా చేర్చాను. కొత్త వెర్షన్ విడుదల చేయగలరు, ప్రాజెక్టును తొలగించలేరు.

లైసెన్స్ మార్చడం, రస్ట్ అనే మరో ప్రోగ్రామింగ్ భాషలో తిరగరాయడం లాంటివి అవసరం పడలేదు.