కావలిలో కొత్తిల్లు: గ్రీన్ బిల్డింగ్ అంటే మామూలు ఇంటికి ఏం చేయాలి?

ప్రశ్న (కావలి కుర్రాడు)

అన్నలకు, అక్కలకు నమస్కారం. మాది కావలి. ఊరి చివర 30 అడుగుల వెడల్పు, 50 అడుగుల పొడవు స్థలం ఉంది, పడమర రోడ్డు. ప్రస్తుతానికి కింది అంతస్తు మాత్రమే, రెండు బెడ్‌రూములతో కట్టాలనుకుంటున్నాం. సంక్రాంతి దాటాక ముగ్గు పోస్తాం.

ఇప్పుడు అద్దెకున్న ఇంట్లో మే నెల వచ్చిందంటే రాత్రి పదకొండు దాటినా స్లాబు కింద పడుకోలేం. మా నాన్నకు ఏసీ పడదు. కరెంటు పోతే ఆయన అవస్థ చూడలేకపోతున్నాను. కొత్తింట్లో ఆ బాధ ఉండకూడదని నా పట్టుదల. కాంట్రాక్టరును గ్రీన్ బిల్డింగ్ గురించి అడిగితే, పైన సోలార్ పెట్టి ముందు నాలుగు మొక్కలు నాటితే అదే గ్రీన్ అన్నాడు. నెట్‌లో చూస్తే సర్టిఫికెట్లు, పాయింట్లు, అద్దాల ఆఫీసులే కనిపిస్తున్నాయి. మాలాంటివాళ్ల ఇంటికి ఇదంతా వర్తిస్తుందా? ముందు దేని మీద డబ్బు పెట్టాలి? ఇంకోటి, మా బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి. వాటితో కాంక్రీటు కలపొచ్చా?

జవాబు (ఒంగోలు సైట్ ఇంజినీరు)

తమ్ముడూ, ఒంగోలు నుంచి కావలి దాకా ఇళ్లు కట్టించడమే నా పని, కాబట్టి నీ స్థలం నాకు కళ్లకు కట్టినట్టే ఉంది. కట్టేటప్పుడూ, ఆ తర్వాత ఉన్నన్నాళ్లూ కరెంటు, నీళ్లు, సిమెంటు, మట్టి తక్కువ ఖర్చయ్యేలా, లోపలివాళ్లకు గాలీ వెలుతురూ సరిగ్గా అందేలా కడితే అది గ్రీన్ బిల్డింగ్. రెండు బెడ్‌రూముల ఇంటికీ ఇది వర్తిస్తుంది. నిజానికి పెద్ద ఆఫీసుల కంటే మన ఇళ్లలోనే ఇది తేలిక. సోలార్ మంచిదే కానీ దాని వంతు చివర్లో వస్తుంది. ముందు ప్లాను చూసుకోవాలి. కాగితం మీద గీత మార్చడానికి ఖర్చేమీ ఉండదు. కిటికీల మీద లింటెల్ దూలం పడ్డాక అదే మార్పు చేయాలంటే గోడ పగలగొట్టాలి.

మీ నాన్నగారి బాధకు అసలు కారణం స్లాబు. ఏప్రిల్ నెలాఖరు, మే మొదటి రోజుల్లో మన దగ్గర మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. ఆ ఎండంతా పడేది ఇంటి కప్పు మీదే. అయిదంగుళాల కాంక్రీటు పగలంతా వేడిని దాచుకుని, పొద్దుపోయాక గదిలోకి వదులుతుంది. అందుకే బయట గాలి చల్లబడ్డా లోపల ఉడికిపోతూ ఉంటుంది. ఒక్క అంతస్తు ఇంట్లో దీన్ని పట్టించుకోకుండా మిగతావి ఎన్ని చేసినా లాభం లేదు.

దీనికి మందు తెల్ల రంగు. తెల్లటి కప్పు ఎండను వచ్చిన దారినే తిప్పి పంపుతుంది. పైన అంతస్తు వేసే ఆలోచన లేకపోతే వాటం పోసి తెల్ల టైలు ముక్కలు పరిపించు, చాలా ఏళ్లు చూసుకోనక్కర్లేదు. రెండు మూడేళ్లలో పైన వేస్తామంటే ఆ డబ్బు దండగ, ఎండను తిప్పికొట్టే కూల్ రూఫ్ పెయింటు చాలు. అదీ కుదరకపోతే ప్రతి ఫాల్గుణంలో చిక్కగా సున్నం కొట్టించు. దుమ్ము పట్టి మాసిపోతే తెలుపు పనిచేయదు, కాబట్టి ఏటా ఎండలు ముదరకముందే స్లాబు కడిగించాలి. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్‌ల కోసమే ఒక విధానం తెచ్చింది. మన జిల్లాల్లో ఎవరూ బలవంతపెట్టకపోయినా చేసుకోవాల్సిన పని ఇది.

తర్వాత పడమటి గోడ. దక్షిణం వైపు ఎండ ఎత్తు నుంచి వస్తుంది కాబట్టి కిటికీ మీద రెండడుగుల సన్‌షేడ్ దాన్ని ఆపగలదు. పడమటి ఎండ అలా కాదు. మూడు దాటాక ఏటవాలుగా సన్‌షేడ్ కిందనుంచి దూరి మంచం మీదకే వస్తుంది. నీ రోడ్డే పడమర కదా, మెట్లు, పోర్టికో, స్టోరు, బాత్రూము ఆ వైపుకు పెట్టేయ్. ఎండ దెబ్బ అవి తింటాయి, పడక గదులు తూర్పున చల్లగా ఉంటాయి.

ఇక్కడ ఇంట్లోవాళ్లు ఒక మాట అంటారు: పెద్ద బెడ్‌రూము నైరుతిలో ఉండాలి కదా అని. ఈ చర్చ ప్రతి ఇంటి దగ్గరా వస్తుంది. ఏడాది మొత్తం మీద చూస్తే ఇంట్లో అన్నిటికంటే ఎక్కువ సాయంత్రపు ఎండ తినే మూల నైరుతే, పెద్దవాళ్లను పడుకోబెట్టేదీ అక్కడే. నేను ఎవరి నమ్మకాన్నీ కాదనను. మెట్లు పడమరకో దక్షిణానికో రావడానికి వాస్తు చెప్పేవాళ్లు కూడా సాధారణంగా ఒప్పుకుంటారు. కాబట్టి మెట్లను ఆ గది పడమటి గోడను ఆనుకుని ఎక్కించు. గోడ మీద రోజంతా నీడ ఉంటుంది. ఆ గదికి పడమర కిటికీ పెద్దది పెట్టొద్దు, దక్షిణానికి పెట్టు. ముందు జాగా ఉంటే వేపో కానుగో నాటు. అది ఎదిగే లోపు ఆ గోడకు వెదురు తడికెల పందిరి వేసి తీగ పాకించు.

గాలి సంగతి. మనకు సముద్రం తూర్పున ఉంది. ఎండాకాలం మధ్యాహ్నం దాటాక ఆగ్నేయం నుంచి సముద్రపు గాలి తిరుగుతుంది. ప్రతి గదికీ గాలి వచ్చే దారి, పోయే దారి రెండూ ఉండాలి. ఒకే గోడకు రెండు కిటికీలు పెడితే గాలి లోపల తిరగదు. పాత ఇళ్లలో గోడ పైభాగాన ఉండే వెంటిలేటర్లను ఈ మధ్య అందం కోసం తీసేస్తున్నారు, నాకు చాలా బాధగా ఉంటుంది. వేడి గాలి పైకే చేరుతుంది, అది బయటికి పోయే దారి అదొక్కటే.

జవాబు (నెల్లూరు టీచరమ్మ)

ఇంజినీరు గారు చెప్పింది అక్షరాలా నిజం. కరెంటు విషయం నేను చెబుతాను తమ్ముడూ. సోలార్ కంటే ముందు ఫ్యాన్లు చూసుకో. పాత రకం సీలింగ్ ఫ్యాను 75 వాట్ల దాకా తీసుకుంటుంది, తక్కువ కరెంటు తినే మోటారుతో వచ్చే బీఎల్‌డీసీ ఫ్యాను 30 వాట్ల దగ్గర ఆగుతుంది. రోజుకు 15 గంటలు తిరిగే అయిదు ఫ్యాన్లు మారిస్తే నెలకు సుమారు 100 యూనిట్లు మిగులుతాయి. ఇన్వర్టర్ మీద కూడా రెట్టింపుకు పైగా సేపు తిరుగుతాయి. మీ నాన్నగారికి అదే ముఖ్యం కదా. 2023 జనవరి నుంచి సీలింగ్ ఫ్యాన్లకు స్టార్ లేబుల్ తప్పనిసరి చేశారు, కొనేటప్పుడు చూసి తీసుకో.

సోలార్‌కు 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం కింద 1 కిలోవాట్‌కు 30,000, రెండింటికి 60,000, మూడు లేదా అంతకు మించితే 78,000 రూపాయల సబ్సిడీ ప్రకటించారు. 3 కిలోవాట్లు పెడితే సగటున రోజుకు 12 యూనిట్లు వస్తాయి. అయితే చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. బ్యాటరీ లేకుండా లైనుకు కలిపే సోలార్, కరెంటు పోయినప్పుడు పనిచేయదు. స్తంభం మీద పనిచేసే లైన్‌మన్‌కు షాక్ కొట్టకుండా అది తనంతట తనే ఆగిపోతుంది. కరెంటు పోతే ఆదుకుంటుందని నువ్వు సోలార్ పెట్టుకుంటే ఆశాభంగం తప్పదు. ఇన్వర్టర్ విడిగా ఉండాల్సిందే.

ఇంకో మాట, నీళ్ల ట్యాంకు స్లాబుకు దక్షిణం వైపు కట్టించకు. చలికాలంలో దాని నీడ సోలార్ పలకల మీద పడుతుంది.

జవాబు (కనిగిరి రైతు బిడ్డ)

అన్నా, నీళ్ల గురించి ఎవరూ ఎత్తలేదు, మా కనిగిరి వాళ్లకు మాత్రం ముందు గుర్తొచ్చేది అదే. మా ప్రాంతంలో భూగర్భ జలంలో ఫ్లోరైడ్ ఎక్కువ. పసుపు గారపట్టిన పళ్లు, నలభై దాటకముందే బిగుసుకుపోయిన కీళ్లు చూస్తూ పెరిగాం. తాగే నీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము దాకా ఉండొచ్చని, వేరే దారి లేకపోతే 1.5 దాకా సరిపెట్టుకోవచ్చని ప్రమాణం. కాచితే ఫ్లోరైడ్ పోదు, నీళ్లు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. మీకు ఉప్పు, మాకు ఫ్లోరైడ్. రెండింటికీ ఆధారం వాన నీరే.

లెక్క తేలిక. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. వెయ్యి చదరపు అడుగుల స్లాబంటే 93 చదరపు మీటర్లు. మన వైపు తుఫాను పట్టిందంటే ఒక్క రోజులో 100 మిల్లీమీటర్లు కురవడం వింతేమీ కాదు. పోయేది పోగా ఏడు వేల లీటర్లకు పైగా చేతికొస్తాయి. ఏడడుగుల పొడవు, వెడల్పు, లోతు ఉన్న సంపులో సుమారు 9,700 లీటర్లు పడతాయి. మనకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకానే, కాబట్టి సంపు, పైపులు వినాయక చవితి నాటికే సిద్ధంగా ఉండాలి.

మొదటి వానను వదిలెయ్, దాంతో స్లాబు మీది దుమ్ము, పిట్టల రెట్టలు కొట్టుకుపోతాయి. ఆ తర్వాతి నీళ్లను కంకర, బొగ్గు, ఇసుక వేసిన తొట్టిలోంచి సంపులోకి దింపు. సంపుకు వెలుతురు, దోమ దూరకుండా మూత బిగించాలి. తాగేందుకు వాడేటట్టయితే ముందు పరీక్ష చేయించు. స్లాబుకు పెయింటు వేసి ఉంటే ఆ నీళ్లు తాగడానికి పనికొస్తాయో లేదో డబ్బా మీద చూసుకో. సున్నం, టైలు ముక్కలయితే ఆ బెంగ ఉండదు.

సంపు నిండాక పొర్లే నీటిని ఇంకుడు గుంతలోకి పెట్టు, సెప్టిక్ ట్యాంకుకు దూరంగా. సముద్రం దగ్గరి ఊళ్లలో బోరు ఎంత తోడితే ఉప్పు నీరు అంత లోపలికి జరుగుతుంది. వాననీరు దించకుండా ఏటా బోరు లోతు పెంచుకుంటూ పోతే నష్టపోయేది వీధంతా.

మళ్లీ ప్రశ్న (కావలి కుర్రాడు)

అందరికీ చేతులెత్తి దండం. మెట్లు పడమరకు మార్చే విషయం నాన్నతో మాట్లాడాను, సరే అన్నారు. ఒంగోలు అన్నా, ఇటుకలు, సిమెంటు గురించి కూడా చెప్పవా? కాంట్రాక్టరు ఎర్ర ఇటుకే వాడదామంటున్నాడు. సర్టిఫికెట్ తీసుకోవాలా?

జవాబు (ఒంగోలు సైట్ ఇంజినీరు)

సర్టిఫికెట్ మాట ముందు. పరిశ్రమల సమాఖ్య సీఐఐ 2001లో పెట్టిన ఇండియన్ గ్రీన్ బిల్డింగ్ కౌన్సిల్ హైదరాబాదు నుంచి నడుస్తుంది, ఇళ్లకు కూడా రేటింగ్ ఇస్తుంది. గృహ అనే ఇంకో రేటింగ్ ఉంది, అందులో చిన్న భవనాల కోసం స్వగృహ అని వేరే పెట్టారు. అపార్ట్‌మెంట్ కట్టి అమ్మేవాళ్లకు అవి పనికొస్తాయి. నీ ఇంటికి ఆ ఫీజు అవసరం లేదు, ఆ డబ్బు స్లాబు మీద పెట్టు. ఇళ్ల గోడలు, కిటికీల నుంచి వేడి ఎంత రావచ్చో చెప్పే ఎకో నివాస్ సంహిత అని 2018లో కరెంటు పొదుపు చూసే కేంద్ర సంస్థ బీఈఈ ఒక నియమావళి తెచ్చింది. నీ ప్లాను గీసే ఇంజినీరును అది చదవమను.

ఇటుకల విషయంలో నా మాట ఇది. ఎర్ర ఇటుక కోసం పంట భూమి పైమట్టి తవ్వాలి, బట్టీలో కాల్చాలి. బొగ్గు బూడిదతో చేసే ఫ్లైయాష్ ఇటుకను కాల్చే పని లేదు. కృష్ణపట్నం దగ్గర నేలటూరులో థర్మల్ కేంద్రం ఉంది, బొగ్గు కాలాక మిగిలే బూడిద మీ నెల్లూరు జిల్లాలోనే గుట్టలుగా ఉంటుంది. దాన్ని గోడలోకి మళ్లించడం నాకు సబబుగా తోస్తుంది. అంచులు సమానంగా వస్తాయి కాబట్టి ప్లాస్టరింగు కూడా తక్కువ పడుతుంది. కాకపోతే చల్లదనంలో అది ఎర్ర ఇటుక కంటే మెరుగేమీ కాదు. వేడిని ఆపేది లోపల గాలి బుడగలతో తెల్లగా, తేలిగ్గా ఉండే ఏఏసీ బ్లాకు. ఇల్లంతా దాంతో కట్టనక్కర్లేదు, పడమటి గోడ ఒక్కటి పిల్లర్ నుంచి పిల్లర్ దాకా దాంతో కట్టించు. రెండు రకాలూ కలిసే చోట, పిల్లర్‌ను ఆనుకునే చోట చికెన్ మెష్ (సన్న తీగల వల) కొట్టి ప్లాస్టరింగు చేయకపోతే పగుళ్లొస్తాయి. దగ్గరుండి చూసుకో.

కేరళలో ఆర్కిటెక్టు లారీ బేకర్ ప్రచారం చేసిన ర్యాట్ ట్రాప్ బాండ్ కూడా నాకిష్టం. ఇటుకలను నిలువుగా పేర్చి మధ్యలో ఖాళీ వదులుతారు. ఇటుకలు పాతిక శాతం దాకా ఆదా, గోడలో గాలి పొర ఉంటుంది కాబట్టి వేడీ తక్కువ. మన మేస్త్రీల్లో చాలామందికి ఇది అలవాటు లేదు. ముందు ప్రహరీ గోడకు కట్టించి చూడు, చేయి కుదిరితే ఇంట్లోకి తీసుకో.

సిమెంటు తయారీలో సున్నపురాయిని 1,450 డిగ్రీల దగ్గర కాలుస్తారు. బొగ్గు పొగ సరే, ఆ రాయిలోంచే బోలెడు కార్బన్ డయాక్సైడ్ బయటికొస్తుంది. పీపీసీ అనే రకం సిమెంటు బస్తాలో 15 నుంచి 35 శాతం ఫ్లైయాష్ కలుస్తుంది, ఆ మేరకు కాల్చిన సరుకు తగ్గుతుంది, ఉప్పు గాలికీ బాగా నిలుస్తుంది. దానికి క్యూరింగు, అంటే నీళ్లతో తడిపి ఉంచడం, మాత్రం ఎక్కువ కావాలి. మన ఎండలకు 14 రోజులకు తగ్గొద్దు. స్లాబు మీద మడులు కట్టి నీళ్లు నిలపాలి, పిల్లర్లకు గోనె సంచులు చుట్టి తడుపుతుండాలి. నీళ్లు ఆదా చేద్దామని క్యూరింగు తగ్గిస్తే ఇల్లు త్వరగా పాడవుతుంది. మళ్లీ కట్టే ఇంటికి పట్టే నీళ్లూ సిమెంటూ ఇంకా ఎక్కువ.

ఇప్పుడు నీ బోరు. ఇనుము ఉన్న కాంక్రీటుకు వాడే నీటిలో క్లోరైడ్ లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటకూడదని కాంక్రీటుకు మన దేశ ప్రమాణమైన ఐఎస్ 456 చెబుతుంది. దాటితే లోపలి కమ్మీలు తుప్పు పట్టి ఉబ్బి, పదేళ్లు తిరక్కుండానే స్లాబు కింద పెచ్చులూడతాయి. తీర ప్రాంతపు ఇళ్లలో ఇది నేను పదేపదే చూస్తున్నాను. నోటికే ఉప్పగా తగులుతున్నాయంటే అనుమానించాల్సిందే. ముగ్గు పోయకముందే సీసాడు నీళ్లు ల్యాబులో పరీక్ష చేయించు. తేడా వస్తే కలపడానికీ, తడపడానికీ రెండింటికీ మంచినీళ్ల ట్యాంకరే. కాంట్రాక్టరుతో రాసుకునే కాగితంలో ఈ మాట స్పష్టంగా ఉండాలి, నీళ్ల ఖర్చు ఎవరిదో కూడా.

నేలకు గుజరాత్ మోర్బి నుంచి లారీల్లో వచ్చే టైల్స్ బదులు కడప బండలు చూడు. లేదంటే చీమకుర్తి వైపు గ్రానైటు కోతలో మిగిలే చిన్న ముక్కలు అడుగు. కాళ్లకు చల్లగా ఉంటాయి.

ఉత్తరం గుర్తు పెట్టి, కిటికీలు, మెట్లు, సంపు, ట్యాంకు ఎక్కడెక్కడో గీసి ప్లాను ఇక్కడ పెట్టు తమ్ముడూ. కొలతలతో సహా చూసి చెబుతాను.